పాత చెవీ పికప్ అడిగే ప్రశ్నలు

'కారుకు ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు ఎందుకు పెడతారు?' మెకానికల్, ఆటోమొబైల్ బ్రాంచి వాళ్లకు ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. 'బ్రేక్ వేస్తే బరువు ముందుకొస్తుంది సార్' అని టక్కున చెప్పేస్తారు. అంతవరకూ బాగానే ఉంటుంది. 'ఎంత వస్తుంది? బండి ఖాళీగా ఉన్నప్పుడు, లోడుతో ఉన్నప్పుడు తేడా ఏంటి?' అని అడిగారా, అక్కడ మౌనం మొదలవుతుంది. ఎందుకంటే మొదటి జవాబు ఏ గైడులోనైనా దొరుకుతుంది. రెండోదానికి కాగితం మీద నాలుగు లెక్కలు వేసి ఉండాలి.

ఆ లెక్కలు నేర్చుకోవడానికి నాకు తెలిసిన మంచి టీచరు ఒక పాత అమెరికన్ ట్రక్కు. 1947 వేసవిలో షెవర్లే విడుదల చేసిన 'అడ్వాన్స్ డిజైన్' శ్రేణిలోని అర టన్ను పికప్, మోడల్ 3100. అక్కడి అభిమానుల భాషలో 'చెవీ'. 1955 మొదట్లో కొత్త మోడల్ వచ్చేదాకా ఇది తయారైంది. ఇప్పటికీ వీటిని కొని, బాగుచేసుకుని, హైవేల మీద తిప్పేవాళ్లు అమెరికాలో చాలామంది ఉన్నారు. అలా తిప్పాలంటే బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్ మార్చుకోక తప్పదు. ఒకటి మారిస్తే అది ఇంకోదాన్ని కదిలిస్తుంది, అది మూడోదాన్ని. ఆ గొలుసును చివరిదాకా పట్టుకుని వెళ్లగలిగితే చాలు, వెహికల్ డైనమిక్స్ సిలబస్‌లో సగం మీ చేతికి వచ్చేస్తుంది. ఈ బండిలో ఏబీఎస్ లేదు, ఈసీయూ లేదు, సెన్సర్లు లేవు. కింద దూరి చూస్తే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది.

అసలు బండి ఎలా ఉండేది?

వీల్‌బేస్ 116 అంగుళాలు, అంటే దాదాపు 2.95 మీటర్లు. ఆరు సిలిండర్ల 3.5 లీటర్ల ఇంజిన్, శక్తి 90 హార్స్‌పవర్ అటూఇటూ. ముందు చక్రాలు రెండింటికీ కలిపి ఒకే ఇనుప ఇరుసు, దాని చివర్లలో చక్రం తిరగడానికి కింగ్ పిన్నులు. నాలుగు మూలలా లీఫ్ స్ప్రింగులు, మన లారీ మెకానిక్కులు కమాన్ కట్టలనేవి అవే. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. వాటన్నింటికీ డ్రైవర్ కాళ్ల కింద, ఫ్లోర్ అడుగున ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్. పవర్ స్టీరింగ్ లేదు, సీటు బెల్టు లేదు. పొలానికీ ఊరికీ మధ్య సరుకు మోసే బండికి ఆ కాలంలో అవి సరిపోయాయి.

ఇప్పుడు దాన్ని గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనాల మధ్యకు తెచ్చాం. బండి బరువు మనిషితో కలిపి 1500 కిలోలు అనుకుందాం. 60 కి.మీ. వేగంలో దాని గతిశక్తి సుమారు 2.1 లక్షల జౌళ్లు. 100 దగ్గర అది 5.8 లక్షలు. వేగం రెట్టింపు కూడా కాలేదు, శక్తి మాత్రం పావు తక్కువ మూడు రెట్లయింది. ఈ శక్తి ఎక్కడికి పోవాలి? ఎక్కువ భాగం బ్రేకుల్లో వేడిగా మారాలి. 5.8 లక్షల జౌళ్లంటే 25 డిగ్రీల దగ్గరున్న 1.8 లీటర్ల నీళ్లను మరిగే స్థితికి తెచ్చేంత వేడి. అదీ కొన్ని సెకన్లలో, ఒక్కసారి ఆగినందుకు. ఘాట్ రోడ్డు దిగుతూ పదే పదే బ్రేక్ వేస్తే సంగతేంటో మీరే ఊహించండి.

డ్రమ్ముకు ఇక్కడే చిక్కు. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచిస్తే షూల నుంచి దూరంగా జరుగుతుంది, దాంతో పెడల్ ఇంకా కిందికి పోతుంది. లైనింగ్ వేడెక్కి ఘర్షణ కూడా తగ్గుతుంది. డిస్కు వేడెక్కి మందం పెరిగితే ప్యాడ్ల వైపే వస్తుంది, పైగా బయటి గాలికి త్వరగా చల్లారుతుంది. ముందు చక్రాలకు డిస్కులు కావాలనడానికి అసలు కారణం ఈ వేడే.

మొదటి రూపాయి దేనికి?

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతా. చాలామంది కళ్లు ముందు మెరిసే డిస్కుల మీద పడతాయి. నన్నడిగితే మొదట మారాల్సింది మాస్టర్ సిలిండర్. పాత పద్ధతిలో నాలుగు చక్రాలకూ ఒకే గది నుంచి ఆయిల్ వెళ్తుంది. వెనక ఎడమ చక్రం దగ్గర తుప్పు పట్టిన గొట్టం ఒక్కటి పగిలితే చాలు, పెడల్ నేలకు తగులుతుంది, నాలుగు చక్రాలకూ బ్రేక్ ఉండదు. రెండు గదుల సిలిండర్ పెడితే ముందు, వెనక సర్క్యూట్లు వేరవుతాయి. ఒకటి పోయినా రెండోది బండిని ఆపుతుంది, ఎక్కువ దూరంలోనైనా సరే. అమెరికన్ కంపెనీలు 1967 మోడల్ కార్లలో ఈ ఏర్పాటును మామూలు చేసేశాయి. డ్రమ్ములు అలాగే ఉంచి, ఇదొక్కటి మార్చి, గొట్టాలు కొత్తవి వేసినా మనిషి ప్రాణానికి ఎంతో భరోసా.

ఇంటర్వ్యూలో ఎఫ్ఎంఈఏ గురించి అడిగితే ఈ ఉదాహరణే చెప్పండి. ఏ భాగం పాడైతే ఏమవుతుంది, దాని ప్రభావం ఎంత దూరం పోతుంది, ముందే ఎలా అడ్డుకట్ట వేయొచ్చు... ఆ పట్టికలోని గడులన్నీ ఈ ఒక్క గొట్టంతో నిండిపోతాయి.

డిస్కులు పెట్టాక మొదలయ్యే తిప్పలు

సరే, ముందు డిస్కులు బిగించాం. తొక్కి చూస్తే పెడల్ రాయిలా ఉంది. కిట్ బాగా లేదా? కిట్ తప్పేం లేదు. డ్రమ్ములో తిరిగే దిశలో ముందుండే షూను డ్రమ్మే తన వైపు లాక్కుంటుంది. మనం కొంత తొక్కితే అది కొంత కలుపుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు. అదే ఆగుదల రావాలంటే ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కావాలి.

లెక్క చూద్దాం. మీరు పాదంతో 30 కిలోల బలం వేశారు. పెడల్ నిష్పత్తి 6 అయితే సిలిండర్ పిస్టన్ మీద 180 కిలోలు. పిస్టన్ వ్యాసం ఒక అంగుళం, దాని వైశాల్యం 5.07 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి చ.సెం.మీ.కు 35.5 కిలోలు. అయితే డిస్క్ కాలిపర్ పిస్టన్లు పెద్దవి, వాటిని కదిలించడానికి ఎక్కువ ఆయిల్ కావాలి. అందుకని పెద్ద సిలిండర్, ఒకటీ ఒకటిలో ఎనిమిదో వంతు అంగుళాలది పెట్టారనుకోండి. పెడల్ ప్రయాణం తగ్గుతుంది. కానీ వైశాల్యం 6.41కి పెరిగి ఒత్తిడి 28కి పడిపోతుంది. అంటే ఐదో వంతు బ్రేక్ బలం చేతులారా పోగొట్టుకున్నట్టే. ప్రయాణం తగ్గాలి, బలం పెరగాలి అంటే రెండూ ఒకే సిలిండర్‌తో కుదరవు. ఆ లోటు తీర్చేదే వాక్యూమ్ బూస్టర్. బూస్టర్ పెడితే నిష్పత్తిని 4 దగ్గరికి తెస్తారు, లేకుంటే ముట్టుకుంటే చాలు పట్టేస్తుంది. బూస్టర్‌కు చోటేది? సిలిండర్ ఉన్నది ఫ్లోర్ కింద, ఫ్రేమ్ పక్కన. కాబట్టి చిన్న వ్యాసం బూస్టర్లు వాడాలి, ఆ లోటు పూడ్చడానికి రెండు డయాఫ్రాలు ఉన్న రకాలు వచ్చాయి.

ఫ్లోర్ కింద ఉండటంతో ఇంకో చిక్కుంది, నాకు బాగా ఇష్టమైన చిక్కు. ఇప్పటి కార్లలో మాస్టర్ సిలిండర్ బానెట్ కింద, చక్రాల కంటే ఎత్తులో ఉంటుంది. ఈ ట్రక్కులో అది కాలిపర్ల కంటే కింద ఉండొచ్చు. బ్రేక్ వదిలాక కాలిపర్లలోని ఆయిల్ మెల్లగా సిలిండర్‌లోకి జారిపోతుంది. మళ్లీ తొక్కితే మొదటిసారి పెడల్ లోపలికి పోతుంది, రెండోసారికి పట్టుకుంటుంది. లైన్లలో గాలి ఉందేమోనని ఎన్నిసార్లు బ్లీడింగ్ చేసినా ఇది పోదు. డిస్క్ లైనులో 2 పీఎస్ఐ, డ్రమ్ లైనులో 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపే చిన్న వాల్వులు పెట్టాలి. అలాగని డ్రమ్ములకోసం చేసిన పాత సిలిండర్‌ను డిస్కులకు వాడితే, అందులోనే ఉండే 10 పీఎస్ఐ వాల్వు ప్యాడ్లను ఎప్పుడూ డిస్కుకు ఆనించి ఉంచుతుంది, డిస్కులు కాగిపోతాయి. హైడ్రాలిక్స్ తెలిసిన వాడికీ, భాగాలు బిగించడం మాత్రమే తెలిసిన వాడికీ తేడా ఇలాంటిచోట బయటపడుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. బ్రేక్ వేస్తే ముందుకు ఎంత బరువు వస్తుంది? బండి బరువును మందగమనంతో గుణించి, గరిమనాభి ఎత్తుతో గుణించి, వీల్‌బేస్‌తో భాగించాలి. బరువు 1500 కిలోలు, మందగమనం 0.8 జీ, ఎత్తు 0.65 మీటర్లు అనుకుంటే 264 కిలోలు. ఖాళీ బండిలో నిలకడగా ముందు 825, వెనక 675 ఉన్నాయనుకోండి. గట్టిగా బ్రేక్ వేసిన క్షణంలో ముందు 1089, వెనక 411. మొత్తంలో వెనక వాటా 27 శాతానికి దిగిపోయింది. అక్కడ అంతకు మించి బ్రేక్ బలం పంపితే వెనక చక్రాలు ముందుగా లాకవుతాయి. లాకైన టైరు పక్కకు జారకుండా పట్టుకోలేదు, బండి గిర్రున తిరిగిపోతుంది. ముందువి లాకైతే స్టీరింగ్ పనిచేయదు గానీ బండి తిన్నగానే పోతుంది, ప్రమాదంలో అది కాస్త నయం. అందుకే వెనక లైనులో ప్రపోర్షనింగ్ వాల్వు.

మరి తొట్టిలో 400 కిలోల సరుకు వేస్తే? వెనక బరువు పెరిగింది, వెనక బ్రేకులు ఇంకా చాలా పని చేయగలవు. కానీ ఖాళీ బండికి సరిచేసిన వాల్వు వాటిని చేయనివ్వదు. కారులో ఈ తేడా అంతగా కనబడదు, పికప్‌లో బాగా కనబడుతుంది. లోడును బట్టి మారే వాల్వులు, ఆ తర్వాత ఈబీడీ రావడానికి ఇదే కారణం. 'ఈబీడీ అంటే ఎలక్ట్రానిక్ బ్రేక్ ఫోర్స్ డిస్ట్రిబ్యూషన్' అని పూర్తి పేరు చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఏ కష్టం తీర్చడానికి పుట్టిందో చెప్పండి, అటు కూర్చున్నవాళ్లు తలెత్తి చూస్తారు.

స్టీరింగ్: కొనే ముందు వెతకండి

పాత ట్రక్కు రోడ్డు మీద అటూఇటూ తిరుగుతోందంటే వెంటనే పవర్ స్టీరింగ్ కిట్ ఆర్డర్ పెట్టేయడం అక్కడి వాళ్లకూ ఉన్న జబ్బే. ముందు ప్లే ఎక్కడుందో వెతకాలి. ఒకరు స్టీరింగ్‌ను అటూఇటూ కదుపుతుంటే, ఇంకొకరు కింద నుంచి గేర్‌బాక్సు, పిట్‌మన్ ఆర్మ్, డ్రాగ్ లింక్, టై రాడ్ చివర్లు వరసగా చూడాలి. చేయి కదిలి, తర్వాతి భాగం ఎక్కడ కదలడం లేదో అక్కడ అరుగుదల ఉన్నట్టు. చక్రాన్ని పైకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్ వదులో, కింగ్ పిన్ అరుగుదలో తెలుస్తుంది. అరిగిన కింగ్ పిన్ను మీద పవర్ స్టీరింగ్ పెడితే అదే వదులు తేలిగ్గా తిరుగుతుంది, అంతే.

ఈ బండిలో డ్రాగ్ లింక్ ముందు వెనకలుగా పనిచేస్తూ ఎడమ చక్రాన్ని తోస్తుంది, లాగుతుంది. గుంతలో పడి ఇరుసు పైకి లేచినప్పుడు అది లీఫ్ స్ప్రింగు నిర్ణయించిన చాపంలో కదులుతుంది. డ్రాగ్ లింక్ చివర పిట్‌మన్ ఆర్మ్ చుట్టూ వేరే చాపంలో కదలాలనుకుంటుంది. రెండు చాపాలూ కలవకపోతే మీరు స్టీరింగ్ కదపకుండానే చక్రం తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. బండి కిందికి కూర్చుంటే అందంగా ఉంటుందని నాలుగు కమాన్లు తీసేసినవాళ్లు డ్రాగ్ లింక్ కోణాన్ని కూడా మార్చేశామని గమనించరు. సస్పెన్షన్ ముట్టుకుంటే స్టీరింగ్ ముట్టుకున్నట్టే.

ఇంకో మార్గం, స్టీరింగ్ కాలమ్‌కు ఎలక్ట్రిక్ మోటారు తగిలించడం. 2000ల నాటి చిన్న కార్లలోంచి తీసిన కాలమ్ అసిస్ట్ యూనిట్లను ఈ ట్రక్కులకు అమరుస్తున్నారు. మోటారు ఎంత సాయం చేయాలి, ఏ వేగంలో తగ్గించాలి అన్నది ఇప్పుడు ఆటోమొబైల్ కంపెనీల్లో క్యాలిబ్రేషన్ ఇంజినీర్లు రోజూ చేసే పని. కోడింగ్ వచ్చిన మెకానికల్ కుర్రాళ్లకు అక్కడ గిరాకీ ఉంటుంది.

ఫోర్డ్ కారు కాళ్లు, షెవర్లే ట్రక్కు ఒళ్లు

ఇరుసే తీసేసి, రెండు చక్రాలకూ వేర్వేరు సస్పెన్షన్ పెట్టాలనుకునేవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది 'మస్టాంగ్ 2' రకం. 1974 నుంచి 1978 వరకు ఫోర్డ్ చేసిన ఆ కారు పెద్దగా ప్రేమలు పొందలేదు గానీ, దాని ముందు సస్పెన్షన్ జ్యామితి మాత్రం పాత బండ్ల లోకంలో అమరమైపోయింది. పొట్టి పై ఆర్మ్, పొడుగు కింది ఆర్మ్, కాయిల్ స్ప్రింగు, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్, అన్నీ ఒక చిన్న క్రాస్‌మెంబర్‌లో ఇమిడిపోతాయి. ఇప్పుడు కిట్లలో వచ్చే భాగాలు కొత్తగా చేసినవి, కొలతలకు మూలం మాత్రం ఆ కారే.

దీన్ని ట్రక్కు ఫ్రేములో వెల్డ్ చేయడం పెద్ద పని. లీఫ్ స్ప్రింగులు ఉన్నప్పుడు బరువు ఫ్రేము మీద ముందొక చోట, వెనకొక చోట పంచుకుని పడేది. ఇప్పుడంతా ఒక్క క్రాస్‌మెంబర్ దగ్గర పడుతుంది. పాత ఫ్రేము 'సి' ఆకారపు ఛానెల్. తెరిచిన సెక్షన్ మెలికకు సులభంగా లొంగుతుంది. తెరిచిన వైపు ప్లేటు వెల్డ్ చేసి పెట్టెలా మూస్తే బిరుసు ఎన్నో రెట్లు పెరుగుతుంది. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో 'ఓపెన్ సెక్షన్, క్లోజ్డ్ సెక్షన్' అని చదివి వదిలేసిన పేజీ ఇదే. అసలు డిజైన్‌లో కింది ఆర్మ్‌కు తోడుగా ఒక స్ట్రట్ రాడ్ ఉండేది, బ్రేక్ వేసినప్పుడు చక్రం వెనక్కి నెట్టే బలాన్ని అది మోసేది. స్థలం కోసం ఆ రాడ్ తీసేస్తే, ఆ బలం మోయగలిగేలా కింది ఆర్మ్ వెడల్పుగా ఉండాలి.

వీల్ బోల్టుల సంగతీ ఉంది. ఈ ట్రక్కు చక్రానికి 6 బోల్టులు. ఈ రకం కిట్ల హబ్బులకు సాధారణంగా 5. అంటే వెనక హబ్బులూ మార్చకపోతే మీ స్పేర్ వీల్ ఒక వైపుకే పనికొస్తుంది. రాత్రి హైవే మీద పంక్చరయ్యే దాకా ఎవరికీ గుర్తురాని విషయం.

ఇక మెత్తదనం. అర టన్ను మోయాల్సిన స్ప్రింగులు ఖాళీ బండిలో మనిషిని ఎగరేస్తాయి. ఒక్కో చక్రం మీద 300 కిలోలు, స్ప్రింగు బిరుసు మిల్లీమీటరుకు 60 న్యూటన్లు అనుకుంటే సహజ పౌనఃపున్యం 2.25 హెర్ట్జ్. కారులో ఇది మామూలుగా 1 నుంచి 1.5 మధ్య. స్ప్రింగును 25 న్యూటన్లకు మెత్తగా చేస్తే 1.45కి వస్తుంది, ప్రయాణం హాయిగా ఉంటుంది. కానీ ఒక్కో చక్రం మీద 125 కిలోల సరుకు అదనంగా పడితే మొదటిది 20 మిల్లీమీటర్లు కుంగుతుంది, రెండోది 49. హెడ్‌లైట్లు ఆకాశం వైపు, తోక నేల వైపు. సరుకు మోయని పికప్ కావాలా, మోసేది కావాలా అని యజమాని ముందే తేల్చుకోవాలి. నా మటుకు నేను, ఆదివారాలు మాత్రమే తిరిగే బండికి ఇరుసు ఉంచేసి, కింగ్ పిన్నులు, బుష్‌లు, మంచి షాక్ అబ్జార్బర్లు, రెండు గదుల సిలిండర్, ముందు డిస్కులతో ఆపేస్తాను. రోజూ హైవే ఎక్కే బండికైతే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఖర్చు దండగ కాదు.

మీరేం చేయొచ్చు?

ట్రక్కు కొనక్కర్లేదు. పైన వేసిన లెక్కలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టండి. బరువు, వీల్‌బేస్, గరిమనాభి ఎత్తు, పెడల్ నిష్పత్తి, సిలిండర్ వ్యాసం మారిస్తే వెనక వాటా, ఒత్తిడి ఎలా మారుతున్నాయో గ్రాఫ్ గీయండి. రెజ్యూమేలో 'క్యాటియా, ఆన్సిస్ తెలుసు' అనే వాక్యం అందరికీ ఉంటుంది. ఇలాంటి షీట్ ప్రింటు తీసి తీసుకెళ్లేవాళ్లు తక్కువ. కాలేజీలో బాహా జట్టు ఉంటే బ్రేక్స్ విభాగం అడిగి తీసుకోండి. 2007లో పీతంపూర్‌లో మొదలైన బాహా ఎస్ఏఈ ఇండియా పోటీలో బ్రేక్ పరీక్షలో నాలుగు చక్రాలూ లాక్ కావాలి. కాకపోతే బండి రేసు దాకా వెళ్లదు. ఆ ఒక్క పరీక్షకోసం రాత్రింబవళ్లు చేసిన పని గురించి మాట్లాడటానికి ఇంటర్వ్యూలో పది నిమిషాలు చాలవు.

పికప్‌ల సంగతంటారా, ఇసుజు డీ-మ్యాక్స్ తయారయ్యేది మన శ్రీసిటీలోనే. కియా పెనుకొండలో ఉంది. హ్యుందాయ్, జెడ్ఎఫ్ ఇంజినీరింగ్ కేంద్రాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. ఉద్యోగ ప్రకటనల్లో 'ఛాసిస్', 'బ్రేక్ సిస్టమ్స్', 'రైడ్ అండ్ హ్యాండ్లింగ్', 'వెహికల్ డైనమిక్స్' అనే మాటలు పెట్టి వెతకండి. 'మెకానికల్' అని కొడితే వచ్చే జాబితాలో ఇవి చాలాసార్లు కనిపించవు.

ఒక హెచ్చరిక. తాతగారి షెడ్డులో 1950ల నాటి జీపో, వ్యానో ఉందని ఇవన్నీ దాని మీద ప్రయోగించకండి. మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019లో దీన్ని గట్టిగానే చెప్పింది. పైగా 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్, 'వీఏ' అక్షరాల నంబరు రావాలంటే అది అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరగకూడదు. అమెరికాలో ముచ్చటపడి చేసే ఫ్రేమ్ వెల్డింగు ఇక్కడ ఆ అర్హతనే పోగొడుతుంది. అరిగిన లైనింగులు, కారే వీల్ సిలిండర్లు, పాత బ్రేక్ ఆయిల్, కింగ్ పిన్నులు అసలు కొలతలతో కొత్తవి వేసుకోవడం మరమ్మతు, అది చేసుకోండి. ఆ పని జరిగే రోజు పక్కన ఒక టేపు పెట్టుకోండి. పెడల్ పివట్ నుంచి పాదం ఆనే చోటుకు ఎంత, పివట్ నుంచి పుష్ రాడ్‌కు ఎంత కొలవండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మీ ఎక్సెల్ షీట్‌లోని మొదటి గడి నిండుతుంది.